తూకం మామయ్య వదిలేసిన పిట్టలు

పిట్టను అరచేతిలోకి తీసుకుని బరువు చెప్పడంలో ఆయనకు సాటి వచ్చే మనిషి ఆ చుట్టుపక్కల లేడు. కళ్ళు మూసుకుని, చేతిని ఒక్కసారి కిందికీ పైకీ ఆడించి, "ఆరు వందల ముప్పై" అనేవాడు. కాటా మీద పెట్టి చూస్తే ఐదారు గ్రాముల కంటే తేడా వచ్చేది కాదు. వచ్చినా తప్పు కాటాదేనని వాదనకు దిగేవాడు. అందుకే పెద్దా చిన్నా అందరికీ ఆయన తూకం మామయ్య. వయసు యాభై తొమ్మిది, మనిషి బక్కపలచన, మాట పొదుపు, పంతం మాత్రం పుట్టెడు.

తాతా తండ్రీ పిట్టలు పట్టి సంతలో అమ్ముకుని బతికారు. ఆయనా పాతికేళ్ళు అదే పని చేశాడు. తర్వాత చట్టం గట్టిగా పట్టుకుంది, సంతలో పిట్టల బుట్టలు కనబడకుండా పోయాయి, ఆయన వలలు అటకెక్కాయి. కొన్నేళ్ళు ఒక గోదాములో మూటలు మోశాడు. మధ్యాహ్నం అన్నం తిని గోడకు చేరగిలబడి ఆకాశంలోకి చూస్తూ కూర్చుంటే, పక్కవాళ్ళు ఆయనకు ఏదో దిగులు పట్టుకుందనుకునేవారు. వాళ్ళు అనుకున్నది నిజమే.

అలాంటి రోజుల్లో చెరువు గట్టు మీద పక్షుల ఆరోగ్య కేంద్రం వెలిసింది. పెద్ద చదువులు చదివిన నలుగురు కొత్త వలలు తెచ్చి, నెల రోజులు నానా తంటాలు పడి, మూడంటే మూడు పిట్టల్ని పట్టారు. అందులో ఒకటి దారి తప్పి వాళ్ళ వంటగదిలోకి దానంతట అదే వచ్చింది. చివరికి ఎవరో చెప్పగా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఒకప్పుడు పిట్టల్ని పట్టావని స్టేషన్లో కూర్చోబెట్టిన సర్కారే ఇప్పుడు పట్టమని పిలిచి ఉద్యోగం ఇస్తుంటే, ఆయన వారం పాటు లోలోపల నవ్వుకున్నాడు.

కేంద్రానికి పెద్ద ఒక డాక్టరమ్మ. ఆయన కూతురికి ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ ఉంటుంది. చేరిన రోజే ఆమె ఆయన్ని కూర్చోబెట్టి పని ఎందుకో విడమరిచి చెప్పింది. నీరు చెడినా, గాలి చెడినా, కొత్త రోగం ఏదైనా దాపురించినా మనకంటే ముందు తగిలేది పిట్టకే. అది ఆ నీళ్ళే తాగుతుంది, ఆ బురదలోనే తిండి ఏరుకుంటుంది. దాని గొంతులో దూది పుల్ల తిప్పి, రెక్క కింద చుక్క నెత్తురు తీసి చూస్తే, రేపు మన ఇళ్ళలోకి ఏం రాబోతోందో ఇవాళే తెలుస్తుంది. ఇదంతా చెప్పి ఆఖరున ఒక మాట అంది. "ఏ పిట్టకీ బాధ కలగకూడదు మామయ్యా. నాకు అంతే కావాలి."

ఆ మాట ఆయన మనసుకు బాగా పట్టింది. బల్ల వెనక కూర్చునే అధికారుల్లో పిట్టకు బాధ ఉంటుందని తెలిసిన మొదటి మనిషి ఈమేనని కూతురితో చెప్పుకుని మురిశాడు.

పని పద్ధతిగా జరిగేది. పొద్దు పొడిచేసరికి ఆయన మోకాలి లోతు బురదలో నడిచి, సన్నటి వలల్లో చిక్కిన నీటికోళ్ళనూ బాతులనూ ఒక్కొక్కటిగా విడదీసి, గుడ్డ సంచుల్లో వేసుకుని షెడ్డులోని బల్ల దగ్గరికి తెచ్చేవాడు. డాక్టరమ్మ చేతులకు తొడుగులు వేసుకుని అక్కడే ఉండేది. వలల బురద చేతికంటితే పరీక్షలు పాడవుతాయని ఆమె ఎన్నడూ నీటి వైపు వచ్చేది కాదు. మధ్యలో నూట యాభై అడుగుల గట్టు, నిలువెత్తు రెల్లు. వలల దగ్గర ఆయన రాజ్యం, బల్ల దగ్గర ఆమె రాజ్యం.

ఆయన రాజ్యంలో తండ్రి నాటి చట్టమే నడిచేది. నీరసపు పిట్టను సంచిలో వేయకూడదు. చేతిలోకి తీసుకోగానే బొటనవేలు దాని రొమ్ము మీదికి పోతుంది. అక్కడ కండ ఉండాలి. కండ లేకుండా ఎముక కత్తి అంచులా తగిలినా, రెక్కలు పూరింటి చూరులా రెండు పక్కలా జారినా, తోక కింద ఈకలు ఆకుపచ్చగా అంటుకుపోయినా అది పనికిరాని పిట్ట. అమ్మితే సాయంత్రానికి బుట్టలో చస్తుంది, ఇంటి పరువు తీస్తుంది. కనుక దాన్ని వల దగ్గరే నీళ్ళలో వదిలేయాలి. ఈ వదలడం ఆయన ఆలోచించి చేసేది కాదు. మెదడుకు తెలిసేలోగా వేళ్ళు ఆ పని చేసేసేవి. పైగా పాపం, జబ్బుపడ్డదాన్ని సంచిలో కుక్కి, సూది గుచ్చి బాధ పెట్టడమెందుకు? డాక్టరమ్మ చెప్పింది కూడా అదే కదా అనుకున్నాడు.

ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరూ పని దొంగలు కారు. కానీ మంచివాళ్ళు కూడా ఒకరి పనిలోకి ఒకరు తొంగి చూడకపోతే కొంపలు ఎలా మునుగుతాయో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అలా ఆరేళ్ళు గడిచాయి. ఏటేటా కేంద్రం నుంచి కాగితం వెళ్ళేది. చెరువు శుభ్రంగా ఉందనీ, పిట్టలు నిక్షేపంగా ఉన్నాయనీ అందులో ఉండేది. ఆ కాగితానికి చాలా పని పడింది. చెరువుకు పడమటి ఒడ్డున పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్లు ఉన్నాయి. వాటిని ఊరి బయటికి పంపాలని ఆ ఒడ్డు వీధివాళ్ళు కొందరు అర్జీలు పెట్టినప్పుడల్లా, షెడ్ల యజమానులు ఈ కాగితం తీసి చూపించేవారు. పిట్టలకే లేని రోగం మీకెక్కడిదని అడిగేవారు. అర్జీలు పెట్టినవాళ్ళు నోరు మూసుకుని ఇళ్ళకు పోయేవారు.

మామయ్య కూతురిది ఆ పడమటి ఒడ్డు వీధే. అల్లుడు ఆ షెడ్లలోనే పనివాడు. వాళ్ళకు ఏడేళ్ళ పాప.

ఆ ఏడు పురపాలక సంఘం తుది నిర్ణయానికి వచ్చింది. సోమవారం సమావేశం. కేంద్రం వాళ్ళ ఆరేళ్ళ నివేదిక చూసి, షెడ్లకు ఇంకో పదేళ్ళు అనుమతి ఇవ్వాలో వద్దో తేలుస్తారు. శనివారం డాక్టరమ్మ ఆ నివేదిక ముగించి, అంతా కలిసి చేసిన పని కదా అని మామయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివి వినిపించింది. ఆరేళ్ళలో బల్ల మీదికి నాలుగు వేల రెండు వందల పిట్టలు వచ్చాయట. వాటిలో చిక్కి శల్యమైనది ఒక్కటి కూడా లేదట. బలహీనమైన పక్షి ఒక్కటీ లేని చెరువు మరెక్కడా కనబడదనీ, ఈ చెరువు ఎంత ఆరోగ్యంగా ఉందో చెప్పడానికి అదే పెద్ద రుజువనీ రాసింది.

 తన బొటనవేలు ఆమె కాగితంలోకి ఎక్కిందని మామయ్యకు అప్పుడు తెలిసింది. చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. మొహం చెల్లలేదు. పొయ్యి మీద టీ నీళ్ళు మరుగుతున్నాయని వంక పెట్టి లేచి వచ్చేశాడు. ఆమె ఆరేళ్ళ కష్టం, తన మంచి పేరు, అల్లుడి కూడు, మూడూ ఆ ఒక్క మాటతో పోతాయి. మూడింటినీ మనసులో తూచుకుంటూ ఇంటికి నడిచాడు.

ఆదివారం కాళ్ళు ఆయన్ని కూతురింటికి లాక్కుపోయాయి. ఒక గది, ఒక వంటిల్లు, గుమ్మం ముందు చిన్న అరుగు. అప్పుడే షెడ్డు నుంచి వచ్చిన అల్లుడు అరుగు మీద చొక్కా విప్పి దులుపుతుంటే బూడిద రంగు దుమ్ము లేచింది. పాప ఆ దుమ్ములోంచే పరుగెత్తి తండ్రి మోకాళ్ళను వాటేసుకుంది. పాప మొహం పాలిపోయి ఉంది. మూడు నెలలుగా కడుపునొప్పి అంటోందనీ, పురుగుల మందు రెండుసార్లు వేసినా తగ్గలేదనీ కూతురు చెప్పింది. బడిలో పంతులమ్మ కబురు పెట్టిందట, పొద్దున నేర్పిన ఎక్కం మధ్యాహ్నానికి మరిచిపోతోందని. పెద్దాసుపత్రిలో చూపిద్దామంటే ఆయన వినడం లేదని మొగుడి వైపు చూసింది.

అల్లుడు మంచివాడే. నవ్వుతూ గోడ వైపు చూపించాడు. అక్కడ కేంద్రం వాళ్ళ కిందటేటి కాగితం నకలు అంటించి ఉంది. "మీరు పట్టిన పిట్టలే బంగారంలా ఉన్నాయి కదా మామయ్యా. ఆ బురద తినేవాటికి లేని జబ్బు మన పిల్లకి ఎందుకొస్తుంది?" అన్నాడు.

మామయ్య ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

సోమవారం పొద్దున ఆయన వలలు వేయలేదు. డాక్టరమ్మ వచ్చి కేంద్రం షెడ్డు తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"డాక్టరమ్మా, ఆ కాగితం పంపకండి."

"ఎందుకు మామయ్యా?"

"అందులో ఉన్నది చెరువు సంగతి కాదు. నా సంచి సంగతి. నీరసంగా ఉన్నవాటిని నేను వల దగ్గరే వదిలేస్తాను. మా నాన్న నేర్పింది అదే."

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచి."

ఆమె కుర్చీలో కూర్చుంది.  కోపం ముంచుకొచ్చిందని మొహమే చెప్పింది. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది. చివరికి ఆమె చాలా మెల్లగా, "నాకు కావలసినవి అవే మామయ్యా. ఆరేళ్ళూ నేను ఎదురుచూసింది వాటి కోసమే" అంది. కాసేపటికి, ఒక్కరోజు వల దాకా నడిచి ఉంటే తన కళ్ళకే కనబడేదని కూడా అంది. తప్పులో సగం తీసుకుంది గానీ దానివల్ల ఆయనకు బరువేమీ తగ్గలేదు.

ఆమె ఫోను చేసి నివేదిక ఆపించింది. కారణం ఏం రాయమంటారని అవతలివాళ్ళు అడిగితే తడబడింది. మామయ్య తన పేరే రాయమన్నాడు. మర్నాడు ఆమె రబ్బరు బూట్లు తొడుక్కుని మొదటిసారి బురదలోకి దిగింది.

పది రోజులు వలలో పడ్డ ప్రతిదీ బల్ల మీదికి వెళ్ళింది. నూట నలభై పిట్టలు. పందొమ్మిదింటికి రొమ్ము మీద కండ లేదు. ప్రతిసారీ ఆయన వేళ్ళు పాత అలవాటుతో విడిచిపెట్టబోయేవి. పళ్ళు బిగబట్టి సంచిలో వేసేవాడు. ఆ పందొమ్మిదింటి నెత్తురులోనూ సీసం ఉంది, ఉండకూడనిదానికి ఎన్నో రెట్లు. చచ్చిన బాతును ఒకదాన్ని కోసి చూస్తే కడుపులో గింజలతో పాటు నల్లటి రేణువులు దొరికాయి. పడమటి ఒడ్డు బురదలోనూ, వీధి మట్టిలోనూ అవే రేణువులు.

షెడ్లకు తాళాలు పడ్డాయి. అల్లుడి పని పోయింది. మామ వచ్చాడంటే పెరటి దారిన బయటికి పోయేవాడు. వీధిలోని పిల్లలందరికీ నెత్తురు పరీక్షలు చేశారు. నలభై ఆరుగురిలో అందరికంటే ఎక్కువ సీసం ఉన్న ముగ్గురిలో ఆయన మనవరాలు ఒకతె. ఆ కాగితం చేతికొచ్చిన రోజు నుంచి అల్లుడు మామను చూసి తప్పుకోవడం మానేశాడు. ఆసుపత్రి బెంచీ మీద రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. పాప ఎత్తుకోమని వచ్చినా చేతులు తీసేవాడు కాదు. ఆ విషాన్ని చొక్కా మీద మోసుకొచ్చి పిల్లకు అంటించింది తానేనని అతనికి తెలిసిపోయింది.

మందు మొదలుపెట్టారు. నెత్తుర్లోని సీసం తగ్గుతుందని, కడుపునొప్పి పోతుందని పెద్ద డాక్టరు చెప్పాడు. చదువు సంగతి, జ్ఞాపకం సంగతి ఏమిటని కూతురు అడిగింది. పోయిందంతా తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనని ఆయన దాచకుండా చెప్పాడు. ఎన్నేళ్ళుగా ఒంట్లో చేరిందన్నదాన్ని బట్టి ఉంటుందన్నాడు.

పాప మంచం మీద కూర్చుని తాతకు రెండో ఎక్కం అప్పజెబుతోంది. రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు, రెండు నాలుగులు ఎనిమిది, రెండు ఐదులు పది. రెండు ఆర్లు అని ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. తాత లేచి వరండాలోకి వచ్చేశాడు.

వెనకే కూతురు వచ్చింది. ఆమె ఏడవడం లేదు, అరవడం లేదు. కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూస్తూ అడిగింది.

"ఎన్ని వదిలేసి ఉంటావు నాన్నా?"

"ఏడాదికి వంద దాకా."

"మొదటి ఏడాదిలో అందులో ఒక్కటి తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టి ఉంటే? అప్పటికి ఇది ఇంకా నేల మీద పాకుతోంది. అప్పుడే తెలిసిపోయేదా?"

ఒక్క పిట్టతో ఏదీ తేలదని డాక్టరమ్మ ఎన్నోసార్లు చెప్పగా ఆయన విన్నాడు. ఆ మాట చెప్పి ఉంటే కూతురు నమ్మేది కూడా. కానీ ఒక్క నీరసపు పిట్టను కళ్ళారా చూసి ఉంటే డాక్టరమ్మ అంతటితో ఊరుకునే మనిషి కాదని, ఆ సాయంత్రమే బూట్లు తొడుక్కుని నీళ్ళలోకి దిగి ఉండేదని ఆయనకు తెలుసు.

"తెలిసిపోయేదమ్మా" అన్నాడు.