పళ్లెంలో కాగితాలు

భిలాయ్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం రెండుగా చీలింది నా చిన్నప్పుడే. చీల్చినవాళ్లు తాగుబోతులైతే సర్దుకునేదాన్ని. కాదు, ఇద్దరూ మహా తెలివైనవాళ్లు. ఒకాయన ఉక్కు ప్లాంటులో ఇంజనీరు. గ్రీకు నేర్చుకుంటున్నానంటూ ప్రతి వాక్యాన్నీ ముక్కలుముక్కలు చేసి ప్రసంగించేవాడు. ఇంకొకాయన మా పాటల మాస్టారు. కళ్లు మూసుకుని హార్మోనియం మీద వాలిపోతే కుర్రకారు ‘వాహ్ భయ్యా’ అనేవారు. నేనూ ఆయన బృందంలో పాడేదాన్ని. ఆ గర్వంతో ఇంజనీరు గారి పిల్లలతో మాటలు మానేశాను. దేవుడు ఇద్దరికీ బుర్రా గొంతూ ఇచ్చి, ఇంగితం ఇవ్వడం మరిచిపోయాడు.

పాట ముఖ్యమా, ప్రసంగం ముఖ్యమా అని మొదలైన గొడవ, రుఆబాంధా క్వార్టర్లలో రెండిళ్లల్లో వేరువేరు ఆరాధనలు పెట్టుకునేదాకా వచ్చింది.

మా ఆడవాళ్లు వంటకి బియ్యం తీసినప్పుడల్లా పిడికెడు పక్కన పెట్టి, ఆదివారం సంఘం డబ్బాలో పోసేవారు. కామెర్లతో భర్త పోయిన ఒకావిడ ఆ బియ్యంతోనే సుపేలా బస్తీలో ముగ్గురు పిల్లల్ని సాకుతోంది. సంఘం చీలగానే, బియ్యం ఏ గుంపు పంచాలన్న చర్చ లేచింది. అది తేలేదాకా డబ్బాకి తాళం వేశారు. ఇంజనీరు గారు పన్నెండు పేజీల ఉత్తరం రాసి ఇంటింటికీ పంచారు. మాస్టారు ఐకమత్యం మీద పాట కట్టి, తన గుంపుకి మాత్రమే నేర్పారు! ఆరు వారాలు గడిచాయి. ఆవిడ బజారులో కళ్లు తిరిగి పడిపోతే గానీ మా నాయనమ్మకి వాళ్ల పస్తుల సంగతి తెలియలేదు.

ఆ ఆదివారం నాయనమ్మ ఇద్దరినీ భోజనానికి పిలిచింది. ఒకరి పళ్లెంలో ఆ ఉత్తరం, రెండోవారి పళ్లెంలో నేను రాసుకున్న ఐకమత్యం పాట కాగితం పెట్టింది.

“ఏటలా సూస్తన్నారు బాబూ? తినండి. ఆరు వారాల బట్టి ఆ పిల్లలు ఇయ్యే తింటన్నారు.”

సిగ్గుతో చచ్చిపోతారనుకున్నాను. ఎక్కడ! ఇంజనీరు గారు గొంతు సవరించుకుని, దయ అనే మాటకి గ్రీకులో ఎన్ని అర్థాలున్నాయో చెప్పడం మొదలుపెట్టారు. మాస్టారు కళ్లు తుడుచుకుని, ఎంత చక్కటి ఘట్టం, దీని మీద పాట కట్టాలి అన్నారు. నాయనమ్మ వాళ్లని అలాగే వదిలేసి, మా ఇంటి బియ్యం మూట కట్టి, నన్ను వెంటబెట్టుకుని సుపేలా ఆటో ఎక్కింది.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది గానీ మూట అందుకోలేదు. వెనక పిల్లలు మూట వంకే చూస్తున్నారు. మాస్టారి పక్కన పాడే పిల్లనని నన్ను గుర్తుపట్టింది.

“ఇయి ఏ గుంపు బియ్యమండమ్మా? తింటే నానెటేపు కూకోవాల?”

నాయనమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. నేను మళ్లీ ఆ బృందంలో పాడలేదు. ఆ ఇద్దరు మేధావుల మీద అసహ్యం నాకు ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకోవాలనీ లేదు. కానీ ఆవిడ ఆ మాట అడిగింది నాయనమ్మని కాదు, నన్ను చూస్తూ అడిగింది. ఆకలితో ఉన్న మనిషి, పదకొండేళ్ల పిల్లని, నన్ను చూసి భయపడింది.