పట్టు తీసేయమన్న ఏమస్ డంగ్‌వర్త్

శనివారం మధ్యాహ్నం షెఫీల్డ్‌లో సానరాళ్ళ మోత ఆగిందంటే చాలు, ఏమస్ డంగ్‌వర్త్ కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. తిన్న రొట్టె గొంతు దిగకుండానే కొండవాలు మైదానానికి పరుగు. పోర్టర్‌సైడ్ క్లబ్బులో అతనంత ఆటపిచ్చి ఉన్నవాడు మరొకడు లేడు. ఉన్నాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అతనిది ఇనుమును అరగదీసే ఆకురాళ్ళకు పళ్ళు కొట్టే పని. ఆకురాయిని మెత్తటి సీసం దిమ్మ మీద పెట్టి, ఉలి ఆనించి, సుత్తితో గాటు పక్కన గాటు వేస్తూ పోవాలి. ఆ సీసం ఊరికే ఉండదు, వేళ్ళ నుంచి నోటికి, నోటి నుంచి ఒంటికి పాకుతుంది. నిండా ముప్పై ఐదేళ్ళు రాకుండానే ఏమస్ మణికట్లు రెండూ చచ్చుబడ్డాయి. చేతులు పైకెత్తితే ముంజేతుల వరకు లేచేవి, అక్కడి నుంచి వేళ్ళు కిందికి వేలాడేవి. సుత్తి పట్టలేకపోయాడు. పనిబల్ల దగ్గర అతని బదులు భార్య కెజియా కూర్చుంది. అతను తయారైన సరుకు బుట్ట భుజానికి తగిలించుకుని మోసేవాడు. అదేం రోతబతుకో అనుకోకుండా వారమంతా ఈల వేస్తూ తిరిగాడంటే, శనివారం ఒకటి ఉందన్న ధైర్యమే.

ఆ శనివారానికే ముప్పు వచ్చింది.

అప్పట్లో కాలి బంతాటకు ఊరికో పద్ధతి, బడికో పద్ధతి. లండన్ వాళ్ళది ఒకటి, మాది ఒకటి. మా ఆటలో పట్టు అని ఒకటుండేది. ఎగిరొచ్చిన బంతిని నేల తాకకముందే రెండు చేతులా ఒడిసి పట్టుకున్నవాడు మడమతో నేల మీద గీత గీసుకుని, ఎవరూ మీదికి రాకుండా తీరిగ్గా తన్నుకోవచ్చు. ఒక శనివారం మామీద ఆడిన పై కొండ జట్టువాళ్ళు ఏమస్ చేతుల సంగతి పసిగట్టారు. బంతి దొరికితే చాలు, ఆకాశానికి ఎత్తి అతని నెత్తిన వేయడమే! అతను తలతో కొట్టేవాడు. కొన్నిసార్లు బంతి ఎంత చక్కగా వెళ్ళేదంటే చూసేవాళ్ళు కేకలు పెట్టేవాళ్ళు. కానీ తలతో కొట్టినదాన్ని అవతలివాడు చేతుల్లోకి తీసుకుని గీత గీసేసేవాడు. అలా పట్టి తన్నిన బంతితోనే ఆ రోజు పోర్టర్‌సైడ్ ఓడిపోయింది.

"వచ్చే వారం నుంచి నువ్వు జెండా పట్టుకుని పక్కన నిలబడు ఏమస్," అన్నాడు కెప్టెన్ సెప్టిమస్ బ్రూమ్‌హెడ్. వకీలు గారబ్బాయి, మంచివాడే. తలెత్తకుండా చెప్పాడు.

"జెండా మాత్రం ఏ చేత్తో పట్టుకోమంటారు బాబూ?" అన్నాడు ఏమస్.

ఇంటికొచ్చి గోడకు తిరిగి కూర్చున్నాడు. కెజియా ఉలి కింద పడేసింది.

"ఏవయ్యా, వాళ్ళు నిన్ను తీసేశారా, నువ్వే వచ్చేశావా?"

"తీసేశారు."

"ఎందుకు?"

"పట్టలేనని."

"అయితే ఆ పట్టుడేదో తీసేయమను! కాళ్ళతో ఆడే ఆటకు చేతులతో పనేంటంట? మీ మీటింగ్‌లో అడగడానికి నోరు కూడా వాలిపోయిందా?"

నిజమే! ఏటా అక్టోబరులో క్లబ్బు సభ్యులు నల్ల హంస సారాకొట్టు మేడ మీద కూడి తమ రూల్సును తామే దిద్దుకునేవారు. ఊళ్ళో మిగతా క్లబ్బులు వాళ్ళు దిద్దిందే చూసుకుని ఆడేవి. ఏమస్ ఒంట్లో మళ్ళీ రక్తం పరిగెత్తింది.

మీటింగ్ సాయంత్రం మేడంతా పొగ, బీరు వాసన, గోల. ఏమస్ లేచి చెప్పేశాడు. "పట్టు తీసేద్దాం. బంతిని చేత్తో ముట్టుకున్నవాడికి లాభం లేకుండా చేద్దాం. ఆట ఎక్కడా ఆగదు, చూడండి!"

కసాయి జేబెజ్ రాగ్ బల్ల గుద్దాడు. వాడి అరచెయ్యి పార అంత. క్లబ్బులో వాడంత పట్టుగాడు లేడు. "నీ చేతులు పడిపోయాయని మా చేతులు నరుక్కోమంటావేంట్రా? రేపు కుంటివాడొచ్చి కాళ్ళు కూడా వద్దంటే?"

సగం మంది నవ్వారు, సగం మంది అరిచారు. కెప్టెన్ గ్లాసు మోగించి, "సరే, కావాలన్నవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు.

చేతులు లేచాయి. ఏమస్‌దీ లేచింది. జేబెజ్ పగలబడి నవ్వాడు. "అయ్యా, ఆ చెయ్యి కిందికి చూపిస్తోంది! లెక్కలోకి రాదు!"

ఏమస్ ముఖం కందగడ్డయింది. "అయితే కాళ్ళతోనే వేద్దాం ఓటు! కావాలన్నవాళ్ళు లేచి నిలబడండి. కాళ్ళైతే నాకూ ఉన్నాయి, నీకంటే మంచివి!"

బెంచీలు కిరకిరలాడాయి. కొందరు లేచారు, కొందరు బిగదీసుకుని కూర్చున్నారు. కెప్టెన్ వేలుతో చూపిస్తూ లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు.

"కూర్చున్నవాళ్ళే ఒకరు ఎక్కువ," అన్నాడు నీరసంగా.

జేబెజ్ ఆనందం పట్టలేక ఒక్క గెంతున లేచాడు. "ఓడిపోయావురా ఏమస్! ఓడిపోయావ్!"

కెప్టెన్ ఇంకా లెక్క రాయలేదు. కలం ఎత్తి, వాడివైపు చూశాడు. "జేబెజ్, నువ్వు నిలబడ్డావు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మేడ కూలిపోతుందేమో అనిపించింది. "కూర్చోరా!" అని ఒక మూల, "నిలబడ్డాడు, రాసుకోండి!" అని ఇంకో మూల. బీరు ఒలికింది, టోపీలు ఎగిరాయి.

"ఆగండి," అన్నాడు కెప్టెన్. "పొరపాటున లేచాడు. కూర్చుంటే పాత లెక్కే ఉంటుంది. కూర్చుంటావా జేబెజ్?"

జేబెజ్ సగం వంగాడు. ఎదురుగా ఏమస్ ఇంకా నిలబడే ఉన్నాడు, చేతులు రెండూ వేలాడుతున్నాయి.

"నాకేం దయా గియా లేదు," అన్నాడు జేబెజ్ గట్టిగా. నడుము నిటారు చేశాడు. "లేచినవాణ్ణి మళ్ళీ కూర్చోమంటే నాకు నామోషీ. రాసుకోండి!"

కలం కాగితం మీద గీరిన చప్పుడు ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. ఏమస్‌ను భుజాల మీదికి ఎత్తేశారు. తల దూలానికి కొట్టుకుంది, అయినా దించలేదు.

దించాక జేబెజ్ దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు. "శనివారం నా పక్కనే ఆడు. పైనుంచి బంతి వస్తే నా చేతులు ఊరుకోవు. నువ్వే 'వద్దురా' అని అరవాలి."

"అరుస్తాలే," అన్నాడు ఏమస్. అందరి ముందూ చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు.