దారి ఎరిగిన గొర్రె, దేశం దాటిన డైనా

ఎప్పటికప్పుడు తోలుకెళ్లి యజమానికి అప్పగించిన గొర్రెనే దొంగిలించిందని నేరం మోపి, డైనా బర్కెట్‌కు యావజ్జీవ ద్వీపాంతర శిక్ష విధించారు.

గొర్రె పేరు బొగ్గు. ఇంగ్లండులోని వెస్ట్‌మోర్లాండ్ కొండల్లో గొర్రెపిల్లలు నల్లగా పుట్టి, ఎదిగేకొద్దీ నెరుస్తాయి. ఈ పిల్ల పుట్టిన రోజునే తల్లి మంచులో కూరుకుపోయి చచ్చింది. తల్లి లేని పిల్లను పేదింటి పొయ్యి పక్కకు చేర్చడం, పాలు మరిచాక మందలో కలపడం, తొలిసారి కత్తిరించిన బొచ్చును, సాకిన చేతికే వదిలెయ్యడం ఆ కొండల కట్టుబాటు. పాత ఆసామి ఆ పిల్లను తెచ్చి వితంతువైన డైనా ఒళ్లో పెట్టాడు. ఆమె గుడ్డపీలికను పాలలో ముంచి చప్పరింపజేసి బతికించింది. ఏడాది తిరగకుండా ఆసామి పోయాడు. పొలాన్నీ మందనూ మైదానం నుంచి వచ్చిన ఆస్క్యూ దొర కొన్నాడు. చెవికి తన గంటు పెట్టించి బొగ్గును మందలో కలిపాడు. కలిసింది చెవి మాత్రమే. డైనా ఎన్నిసార్లు తోలుకెళ్లి అప్పగించినా, తక్కిన గొర్రె ఆమె వెంటే తిరిగొచ్చేది.

నీళ్లకు వెళితే వెంట, పుల్లలకు వెళితే వెంట. చర్చిలో పాదిరీ ప్రార్థన చెబితే అందరికంటే ముందు బొగ్గే బదులు పలికేది.

"వదినా, అన్న పోయాక దీన్ని కట్టుకున్నావా ఏంటి?" అన్నాడు కమ్మరి జాంటీ.

"కట్టుకుంటే తప్పేంట్రా? తాగి రాదు, తన్నదు. మీ అన్నకంటే వెయ్యి రెట్లు నయం."

ఆకులు రాలే కాలంలో కాపరుల కూటం జరుగుతుంది. తప్పిపోయిన గొర్రెలను చెవిగంటు చూసి ఎవరివి వారికి అప్పగించి, ఆ పైన బీరు తాగి చిందులేసే పండుగ అది. డైనా అందరి ఎదుటా బొగ్గును ఆస్క్యూకు అప్పగించింది.

"దొరగారూ, దొడ్డిగోడ కాస్త ఎత్తు చేయించండి. గడప దాటొద్దంటే వినడానికి ఇది మీ ఇంటి కోడలు కాదు కదా."

దొర దొడ్లో పెట్టించి గడియ వేయించాడు. ఫిడేలు మొదటి పాట ముగియకముందే బొగ్గు గోడ దూకి, ఆడుతున్న జంటల కాళ్ల మధ్య నుంచి దూరి వచ్చి, డైనా పావడా అంచు నోట కరుచుకుంది. జాంటీ టోపీ తీసి, నడుం వంచి, తనతో ఒక ఆట ఆడమని దాన్ని బతిమాలాడు. కూటమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. దొర ఒక్కడే నవ్వలేదు. ఆ నవ్వే డైనా కొంప ముంచింది. మరునాడు దొర ఫిర్యాదు మీద కానిస్టేబులు వచ్చేసరికి బొగ్గు ఆమె పొయ్యి ముందు గురక పెడుతోంది.

న్యాయస్థానంలో ఆమె పక్షాన మాట్లాడే వకీలు లేడు. సాక్ష్యంగా గొర్రెను మాత్రం ప్రవేశపెట్టారు.

"అయ్యా, నేను తోలుకెళ్లలేదు, అదే వచ్చింది," అంది డైనా. "దొరగారిని పిలవమనండి. నేనూ పిలుస్తాను. ఎటు పోతుందో మీరే చూడండి."

జడ్జికి సరదా పుట్టి సరేనన్నాడు. ఆస్క్యూ గుప్పెడు ఓట్స్ గింజలు చాపి "రా, రా" అన్నాడు. బొగ్గు గింజలు తిన్నది. తిని, బోను కింద నుంచి దూరి డైనా ఒళ్లో గడ్డం ఆనించింది. దారిలో, జైలు జ్వరం సోకకుండా జడ్జి బల్ల మీద పరిచిన సదాపాకును కూడా నమిలి పోయింది. జూరీ సభ్యులు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

నవ్వు సద్దుమణిగాక జడ్జి అన్నాడు: "ఇంత మాలిమి అయిందంటే, ముద్దాయి ఎంతకాలంగా దీన్ని అట్టేపెట్టుకుందో జూరీవారే గ్రహించాలి."

జూరీ కుర్చీల్లోంచి లేవకుండానే గ్రహించింది.

ఖైదీలను ఓడల్లో తెచ్చి దింపే దూరద్వీపం వాన్ డీమెన్స్ లాండ్‌లో ఆమెను పనికి తీసుకున్న ఆసామి, ఏ నేరం చేశావని అడిగాడు.

"గొర్రె నా వెంట వచ్చిందండీ."

"భలే. అయితే నా మందలో తల్లిలేని పిల్లల్ని సాకు."

ఇప్పుడక్కడ ఆమె చర్చికి వెళితే గొర్రెపిల్లల బారు వెనకాలే వెళుతోంది. ఆసామి మురిసిపోతున్నాడు. ఆమె మాత్రం అతడు ఎదురుపడ్డ ప్రతిసారీ ఒకటే అడుగుతోంది: "నా ఇంటికి నన్నెప్పుడు పంపిస్తారయ్యా?"

ఆ ఇంట్లో ఆస్క్యూ తన గుమస్తాను కాపురం పెట్టించాడు. బొగ్గు యథాప్రకారం గోడ దూకి, అదే పొయ్యి ముందు, గుమస్తా చెప్పుల మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. అతని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

జడ్జిగారూ, జూరీవారూ, ఆస్క్యూ దొరా! తీసుకుపోవడం, తిరిగి ఇవ్వకూడదన్న తలంపు ఉండటం, ఈ రెండూ కలిస్తేనే దొంగతనమని మీ చట్టమే చెబుతోంది. డైనా తీసుకుపోలేదు, తిరిగి ఇవ్వని రోజూ లేదు. పొయ్యి ముందు గొర్రె పడుకోవడమే నేరమైతే, ఆ గుమస్తాను రేపే ఓడ ఎక్కించండి. కాదంటే డైనా బర్కెట్ శిక్షను రద్దు చేసి, పంపిన ఓడలాంటి ఓడలోనే వెనక్కి రప్పించండి. ఇల్లు ఖాళీ చేయించి తాళంచెవి ఆమె చేతికివ్వండి. గొర్రెను తోలుకొచ్చే శ్రమ మీకు అక్కర్లేదు. దానికి దారి తెలుసు.