పోయిందో లేదో తెలియని రింగు

నాకు జీతమిచ్చేది భయపడడానికి. ఈ మాట ఇంట్లో చెబితే నవ్వుతారు కానీ, నా ఉద్యోగం గురించి ఇంతకన్నా సూటిగా చెప్పడం నాకు రాదు. కరెంటు స్తంభాలు నాటి తీగలు లాగే ఒక కాంట్రాక్టు కంపెనీలో, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో తిరిగే గ్యాంగులకు ఏ ప్రమాదమూ జరక్కుండా చూడడం నా పని. పొద్దున బచ్చన్నపేట పత్తి చేలల్లో ఒక గ్యాంగును చూసి, పెద్దవంగర దగ్గర ఇంకొకదాన్ని చూసి, రఘునాథపల్లి చేరేసరికి అక్కడి వాళ్ళు నా జీపును గుర్తుపట్టి గబగబా హెల్మెట్లు పెట్టుకుంటూ ఉంటారు. నేను వెనక్కి తిరగ్గానే ఆ హెల్మెట్లు మళ్ళీ నేల మీదికి చేరతాయని నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్ళకూ తెలుసు.

ఈ ఉద్యోగంలో పడ్డాక అందరిలా లోకాన్ని చూడడం మరిచిపోయాను. పెళ్ళి ఊరేగింపు వస్తుంటే జనం పెళ్ళికొడుకును చూస్తారు. నేను లైట్లు మోసేవాళ్ళ వెనకాల జనరేటర్ వైరు ఎక్కడ ఒలిచి ఉందో చూస్తాను. ఎవరింటికైనా భోజనానికి వెళితే ముందు నా కళ్ళు వాళ్ళ మోటారు స్విచ్చు మీదికి పోతాయి. మా ఆవిడ నాతో బజారుకు రావడం ఎప్పుడో మానేసింది. గ్యాంగుల వాళ్ళు నాకు భయం సారు అని పేరు పెట్టారు. ఎదురుగానే అంటారు, నేనూ పలుకుతాను.

మొన్న ఎండాకాలం చివర గాలివాన కొట్టి, భూపాలపల్లి అవతల అడవి అంచు ఊళ్ళల్లో స్తంభాలు విరిగిపడ్డాయి. మహబూబాబాద్ దగ్గరి ఒక తండా నుంచి మా గ్యాంగు అక్కడికి వెళ్ళింది. మేస్త్రీ యాభై దాటిన మనిషి, మాట తక్కువ. స్తంభం ఎక్కి పని చేసేది అతని బామ్మర్ది. ఇద్దరు పిల్లల తండ్రి, మాట ఎక్కువ. వాళ్ళంతా వాళ్ళ ఇంటి భాషలోనే మాట్లాడుకుంటారు. నన్ను ఏదైనా అనాలనుకున్నప్పుడు మాత్రం, నాకు అర్థం కావాలి కాబట్టి, తెలుగులో అంటారు.

ఆ ఉదయం నేను బామ్మర్ది నడుముకున్న బెల్టు పట్టి లాగి చూశాను. కొక్కెం చూశాను. తృప్తి లేక మళ్ళీ లాగాను. అతను చేతులు పైకెత్తి, దర్జీకి కొలతలిచ్చే మనిషిలా నిలబడ్డాడు.

“మా అందరి భయం మీరొక్కలే పడుతున్నరు సారూ. ఇగ మాకేం మిగిలింది?” అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అయినా బెల్టు గట్టిగానే ఉందని లోపల కాస్త నెమ్మదించాను.

తీగ మీద చెయ్యి వేసే ముందు ఆ లైనుకు కరెంటు పంపే సబ్‌స్టేషన్‌కు చెప్పి సప్లై ఆపించుకోవాలి. పని అయిపోయిందని మనం చెప్పేదాకా వాళ్ళు మళ్ళీ ఇవ్వకూడదు. దీన్నే ఎల్సీ తీసుకోవడం అంటారు. స్తంభం విరిగిన చోటికి అవతల ఉన్న ఊరికి గాలివాన నాటి నుంచి కరెంటు లేదు. ఇవతలి ఊళ్ళకు వస్తూనే ఉంది. గ్యాంగు ఆ కరెంటు లేని ఊళ్ళోనే దిగింది కాబట్టి ఛార్జింగ్ లేక మేస్త్రీ ఫోన్ చచ్చిపోయింది. జర మీ ఫోన్ ఇయ్యుండ్రి అని నాది తీసుకున్నాడు. పొలం గట్టెక్కి, సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుని, ఆపరేటర్‌తో మాట్లాడి ఎల్సీ తీసుకున్నాడు. ఫోన్ నాకు తిరిగిచ్చి లైన్ ఆఫ్ అయిందన్నాడు. పని అయ్యాక ఆపరేటర్‌కు కబురు తామే పంపుకుంటామన్నాడు.

ఎర్త్ రాడ్లు వెయ్యమన్నాను. తీగకు తగిలించి భూమిలోకి దించే రాడ్లవి. పొరపాటున కరెంటు వచ్చినా మనిషిని వదిలి వాటి మీదుగా భూమిలోకి పోతుంది. మేస్త్రీ తల ఊపాడు. ఒకతను సంచి మూతి విప్పుతున్నాడు. నాకు ఇంకో చోటికి ఆలస్యమవుతోంది. జీపెక్కాను.

కొంత దూరం పోయాక నా రోగం మొదలైంది. రాడ్లు వేశారా? సంచి విప్పడం చూశాను కానీ వేయడం చూడలేదు. అడుగుదామంటే మేస్త్రీ ఫోన్ పని చేయదు. పోనీ ఆపరేటర్ అయినా ఎల్సీ సంగతి సరిగ్గా రాసుకున్నాడా అని ఇంకో పురుగు దొలిచింది. మేస్త్రీ కలిపిన నంబర్ నా ఫోన్‌లో పైనే ఉంది. దాన్ని నొక్కి చెవికి పెట్టుకున్నాను. ఒకసారి మోగినట్టే అయి ఆగిపోయింది. తెర మీద సిగ్నల్ గీతలు మాయమయ్యాయి. ఇరుపక్కలా అడవి. ఫోన్ కంపెనీని నాలుగు తిట్లు తిట్టి ఫోన్ జేబులో వేసుకున్నాను.

మా డ్రైవర్ జనగామ మనిషి. ఒకప్పుడు ఇలాంటి గ్యాంగులోనే కూలి చేశాడు. అతను వేగం తగ్గించి, ఎవరికి చేశారని అడిగాడు. చెప్పాను. మేస్త్రీ ఎల్సీ తీసుకున్నది ఈ ఫోన్ నుంచేనా అని అడిగాడు. అవునన్నాను. అతను జీపును రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు.

“గీ దిక్కు మాట పోదు సార్, రింగ్ అయితే పోతది. అందుకే పని అయినంక మిస్డ్ కాల్ ఇస్తరు. ఏ ఫోన్‌తోటి ఎల్సీ తీసుకున్నరో గా ఫోన్‌కెళ్ళి మిస్డ్ కాల్ వస్తే, పని అయిందని ఆపరేటర్ కరెంట్ ఇస్తడు.”

ఇన్నేళ్ళుగా ఈ గ్యాంగుల మధ్య తిరుగుతున్నాను. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెబితే అరుస్తానని చెప్పలేదు. నిజమే, అరిచేవాణ్ణి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోన్ తీసి చేతిలో పెట్టుకున్నాను కానీ వేలు కదలలేదు. ఆ రింగు అటు పోయిందా, లేదా? నా చెవికి వినబడింది నిజంగా రింగేనా, కలవక ముందు వచ్చే చప్పుడా? ఎంత గుర్తు చేసుకున్నా తేలడం లేదు. రింగు పోకపోయి ఉంటే మనిషి బతికే ఉన్నాడు. మళ్ళీ చేసి, అది కూడా ఒక్కసారి మోగి తెగిపోతే, ఈసారి నేనే చేతులారా చంపినట్టు. డ్రైవర్ ఫోన్‌లోనూ సిగ్నల్ లేదు. జేబులో పెట్టుకుంటే నా బట్టల ఒరిపిడికే కాల్ పోతుందేమోనని ఫోన్‌ను ఆపేసి, ముందున్న అరలో పెట్టి మూశాను.

వెనక్కి పోదామా అని డ్రైవర్ అడిగాడు. సబ్‌స్టేషన్ ముందుంది, అదే దగ్గర. బామ్మర్ది బతికి ఉంటే మేం పోవాల్సింది సబ్‌స్టేషన్‌కు. బతికి లేకపోతే ఎటు పోయినా ఒకటే. ముందుకే పొమ్మన్నాను.

ఆ దారి ఎంత ఉందో నాకు తెలుసు, ఎన్నోసార్లు పోయాను. ఆ రోజు మాత్రం అది తరగలేదు. బొగ్గు లారీ ఒకటి ముందు పడి దారి ఇవ్వలేదు. అది తప్పుకుంటే గొర్రెల మంద అడ్డం వచ్చింది. గొర్లకాపరి మా హారన్ విని, మీకేమంత తొందర అన్నట్టు చూసి, మందను తాపీగా తోలుకున్నాడు. నేను జీపు దిగి గొర్రెలను చేతులతో నెట్టాను.

రాడ్లు వేసే ఉంటారులే సార్ అని డ్రైవర్ ఒకటికి రెండుసార్లు అన్నాడు. ఊరుకోమన్నాను. కళ్ళు మూసినా తెరిచినా నాకు ఒకటే కనబడుతోంది. కరెంటు కొట్టిన మనిషి కింద పడతాడనుకుంటారు. బెల్టు ఉన్నవాడు పడడు. నేను రెండుసార్లు లాగి చూసిన ఆ బెల్టు అతన్ని పడనివ్వదు. పైనే వేలాడుతూ ఉంటాడు, కింద మేస్త్రీ పేరు పెట్టి పిలుస్తూ ఉంటాడు. మేస్త్రీ ఇంటికి వెళ్ళి భార్యకు ఆమె తమ్ముడి సంగతి ఏ నోటితో చెప్పాలి? ఏ దేవుడూ గుర్తుకు రాలేదు. రాడ్లు, రాడ్లు అని మాత్రం గొణుక్కుంటూ పోయాను.

సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ ఒక్కడే ఉన్నాడు. టిఫిన్ డబ్బా విప్పుకుని అన్నం కలుపుకుంటున్నాడు. నేను గుమ్మంలో నిలబడి, మిస్డ్ కాల్ వచ్చిందా అని అడిగాను.

“వచ్చింది సార్. ఇచ్చిన,” అన్నాడు.

తలుపు పట్టుకుని అక్కడే కూలబడ్డాను. అతను నన్ను చూసి కంగారుపడి, కరెంటు కోసం పరేషాన్ అవుతున్నానని అనుకున్నాడు.

“ఇచ్చిన గని ఎనుకకెళ్ళే సప్లై లేదు సార్. జరసేపాయె, మెయిన్ లైన్ పోయింది. అది రాంగనే మీ ఊళ్ళకు గూడ పోతదని మీది బ్రేకర్ ఏసే ఉంచిన.”

అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. గది పైన ఫ్యాను తిరగడం లేదు. అతను దారి తెరిచి పెట్టాడు, ఆ దారిలోకి రావాల్సింది ఇంకా రాలేదు. ఎప్పుడైనా రావచ్చు. తియ్యి, బ్రేకర్ తియ్యి, మనిషి పైనే ఉన్నాడు అన్నాను. అతను నా ముఖం చూసి అన్నం చేత్తోనే లేచాడు. హ్యాండిల్ తిప్పాడు. బయట యార్డులో ధడ్‌మని చప్పుడైంది.

అతను చెయ్యి కడుక్కోవడానికి చెంబు అందుకున్నాడు. అప్పుడు బయట ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంది. మా నెత్తి మీద ఫ్యాను మెల్లగా కదిలింది.

అతను చెంబు అట్లాగే పట్టుకుని ఫ్యాను వంక చూశాడు. తర్వాత గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. పిల్లలున్నరు సార్ నాకు అన్నాడు. నాకు అతని మీద కోపం రాలేదు. ఇద్దరం ఒక మనిషిని చంపబోయి, మా ప్రమేయం ఏమీ లేకుండా తప్పించుకున్నాం. సప్లై పోవడం వల్ల బామ్మర్ది బతికాడు. నేను నేర్పిన ఒక్క జాగ్రత్తా అక్కరకు రాలేదు.

మేం వచ్చి చెప్పేదాకా ఆ హ్యాండిల్ ముట్టుకోవద్దని చెప్పి వెనక్కి వెళ్ళాం. బామ్మర్ది స్తంభం మీదే ఉన్నాడు, ఏదో పాడుకుంటున్నాడు. కింద సంచి మూతి విప్పి ఉంది. రాడ్లు సంచిలోనే ఉన్నాయి.

దిగమన్నాను. ఇంక జరంతనే ఉన్నది సారూ అని పై నుంచే అన్నాడు. అప్పుడు నేను అరిచిన అరుపు నాది కాదు. అతను వెంటనే దిగాడు. నేలకు కాళ్ళు ఆనగానే మణికట్టు పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. చెమట పట్టి ఉంది. వదలబుద్ధి కాలేదు. జరిగిందంతా చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ తన భాషలో ఏదో అని బామ్మర్ది తల మీద చెయ్యి వేశాడు. బామ్మర్ది తలెత్తి, ఇంతసేపూ తను పట్టుకుని ఉన్న తీగల వైపు చూశాడు. నీళ్ళ సీసా ఎత్తితే సగం అంగీ మీదే ఒలికాయి.

పని ఇంకా మిగిలే ఉంది, ఊరు కరెంటు కోసం ఎదురుచూస్తోంది. మేస్త్రీ రాడ్లు తానే వేశాడు. నేను దగ్గరుండి చూశాను. బామ్మర్ది మళ్ళీ ఎక్కి, ఒక్క మాట లేకుండా పని ముగించి దిగాడు. రాడ్లు తీసేశారు. ఇక ఆపరేటర్‌కు చెప్పడమే. ఎవరూ ఫోన్ మాట ఎత్తలేదు. నేనే పోయి చెబుతానన్నాను.

“నేను గూడ వస్త సారూ. నన్ను కండ్లార చూసినంకనే ఇయ్యనీ,” అని బామ్మర్ది జీపెక్కాడు. మేస్త్రీ, మిగతావాళ్ళు స్తంభం దగ్గర సామాను సర్దుకుంటూ ఉండిపోయారు.

అతన్ని చూడగానే ఆపరేటర్ కుర్చీలోంచి లేచాడు. అతనికి గ్యాంగులంటే ఏళ్ళుగా ఫోన్‌లో గొంతులు, రింగులే, స్తంభం ఎక్కేవాళ్ళను ఎదురుగా చూసింది లేదు. నువ్వేనా అన్నా అని అడిగాడు. నేనే అన్నాడు ఇతను. ఆపరేటర్ అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. చూసి, వెళ్ళి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

“నీ నోటితోనే చెప్పన్నా. ఇయ్యాల్నా?”

బామ్మర్ది నోరు తెరిచాడు. పెదాలు తడుపుకుని నా వైపు తిరిగాడు.

“సారూ, మనం వచ్చేటప్పుడు మా బావ కిందనే ఉన్నడు గద?”

కిందనే ఉన్నాడు. సంచి మూతి కడుతుండగా నా కళ్ళతో నేను చూశాను. కానీ అది మేం బయలుదేరినప్పటి సంగతి. పానా ఏదైనా పైన మరిచిపోయి, దాని కోసం ఎవరైనా మళ్ళీ ఎక్కి ఉంటే? అవును అందామనుకున్నాను. నోరు రాలేదు. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

ఆపరేటర్ హ్యాండిల్ మీది చెయ్యి తీసేశాడు. బామ్మర్ది నాకంటే ముందు బయటికి నడిచాడు. డ్రైవర్ జీపును మళ్ళీ స్తంభం వైపు తిప్పాడు.