ప్రమీల తీసిన సద్దుల ఫోటో

సూరత్‌లోని మా డిండోలి గల్లీలో ఫోటోల ప్రమీల అంటేనే ఆమెను గుర్తుపడతారు. పగలంతా ఇంట్లో కూర్చుని చీరలకు స్టోన్లు అంటిస్తుంది. ఆ పని ఇచ్చే సేఠానీ ఇల్లు మారుతూ, ఫోన్లొచ్చాక ఇవెవరికి కావాలని, పాత డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు ఈమె చేతిలో పెట్టింది. ప్రమీలకు కంప్యూటరు లేదు, రాదు, దాని అవసరమూ పడలేదు. కెమెరాకూ ప్రింటరుకూ మధ్య ఒక్క వైరు, అంతే. కెమెరాలో ఫోటో చూసుకుని బటన్ నొక్కితే బొమ్మ చేతికొస్తుంది. పిల్లల పుట్టినరోజైనా, బడికి పాస్‌పోర్టు ఫోటో అయినా మేమంతా ఆమె గడపే తొక్కుతాం.

నోరు మాత్రం పెద్దది. నాకు ఆమె నచ్చేది అందుకే.

ఇక్కడి మా తెలంగాణోళ్ల సంఘానికి ఒక ఆచారముంది. సద్దుల బతుకమ్మ నాడు ఆట అయ్యాక, గౌరమ్మ పసుపు పుస్తెలకు పూసుకున్న ముత్తయిదువలంతా బతుకమ్మ వెనక నిలబడి ఫోటో దిగాలి. దాన్ని పటం కట్టించి సంఘం గోడకు తగిలిస్తారు. మొగుడు పోయినవాళ్లు అందులో ఉండకూడదు. పోయినేడు మా గల్లీ లింగం తల్లి, మొగుడు పోయినామె, తెలియక ఒక అంచున నిలబడింది. సంఘం అధ్యక్షుడు పరమేశ్వర్ ఫోటోను స్టూడియోకు పంపి ఆమెను కోయించేశాడు. ఆ కోసినవాడికి అదీ చేతకాలేదు. ముసలామె మోచేయి గోడమీద మిగిలిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఈ ఏడు ఎండాకాలంలో కనకవ్వ మొగుడు లస్మయ్య పోయాడు. మా గల్లీ పెద్ద బతుకమ్మను ఏటా పేర్చేది కనకవ్వే. సూరత్‌లో తంగేడు దొరకదని చేతులు ముడుచుకునే మనిషి కాదు. రైలు పట్టాల పక్కన గునుగు కోసుకొస్తుంది, బజారులో బంతిపూలు బేరమాడి తెస్తుంది, నడుమెత్తు పేరుస్తుంది. ఈసారీ పేర్చింది. పాట కూడా తనే ఎత్తుకుంది. తీరా ఫోటో అనేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగింది. ఎవరూ పొమ్మనలేదు. ఆ మోచేయిని ఆమె కూడా చూసింది కదా.

"ఏందవ్వా, ఎటు పోతున్నవ్?" కెమెరా పట్టుకున్న ప్రమీల అరిచింది.

"నేనెందుకు బిడ్డా, మీరు దిగుండ్రి."

"పేర్చినామె లేకుంట నేను ఫోటో తియ్య. జర నడుమ నిలబడు."

కనకవ్వ కదల్లేదు. ప్రమీల వెళ్లి, చెయ్యి పట్టి లాక్కొచ్చి, సరిగ్గా బతుకమ్మ వెనక, పరమేశ్వర్ భార్య పద్మారాణి పక్కనే నిలబెట్టింది. అంచున కాదు, నడుమ. నడుమనున్న మనిషిని కోయాలంటే ఫోటోనే చింపుకోవాలి. కెమెరా క్లిక్కుమంది.

పరమేశ్వర్ దూసుకొచ్చాడు. "గిదేం పని ప్రమీలా? తీసెయ్ ఆ ఫోటో. మల్ల దిగుతరు."

"ఏది, గీ ఫోటోనా అన్నా?"

"అదే. డిలీట్ కొట్టు. నా ముందర్నే కొట్టు."

"ఇంట్ల సూద్దాం రా."

ఆమె ఇల్లు ఎదురుగానే. కిటికీ దగ్గర స్టూలు మీద ప్రింటరు ఉంది. మేమంతా గడపలో గుమిగూడాం. ప్రమీల వైరు పెట్టింది, బటన్ నొక్కింది. నొక్కింది డిలీట్ కాదని పరమేశ్వర్‌కు అర్థమయ్యేలోగా ప్రింటరు గుర్రుమంటూ కాగితాన్ని బయటికి నెట్టింది.

ఆ మిషను బొమ్మను ఒక్కసారే వెయ్యదు. కాగితం బయటికొస్తుంది, మళ్లీ లోపలికి పోతుంది, వచ్చినప్పుడల్లా ఒక రంగు ఎక్కించుకుంటుంది. మొదట అంతా పసుపు. అందరి మొహాలూ, కనకవ్వ మొహం కూడా, పసుపు రాసుకున్నట్టే ఉన్నాయి. రెండోసారి ఎరుపెక్కింది.

"బంద్ చెయ్యి!" పరమేశ్వర్ కాగితానికి చెయ్యి చాపాడు. ప్రమీల అడ్డంగా నిలబడింది.

"గుంజకు, ఖరాబైతది. సూడన్నా, మిషిన్ అందరికి పసుపు పెట్టింది, ఎరుపు పెట్టింది. ఎవలకు మొగుడున్నడు, ఎవలకు లేడని అడగలే. నువ్వెందుకు అడుగుతున్నవ్?"

"ఆచారం అని ఒకటుంటది..."

"పువ్వులు పేర్పించుకున్నప్పుడు యాదికి రాలేదా ఆచారం?"

ఈలోపు నీలం కూడా కలిసి బొమ్మలో మనుషులు మనుషుల్లా తేలారు. బొట్టు లేని కనకవ్వ, అందరి నడుమ, నేరుగా చూస్తూ నిలబడి ఉంది. ప్రమీల ప్రింటరులోంచి ఫోటో తీసి ఆమె చేతిలోనే పెట్టింది. కనకవ్వ దాన్ని ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి చూసుకుంది.

"నేను గింత పొడుగుంటనా బిడ్డా?" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, "నాకొకటి కొట్టు ప్రమీలా" అన్నాను. నా వెనక ఇంకొకామె అడిగింది, తర్వాత ఇంకొకామె. చివరికి పద్మారాణి, మొగుడి వైపు చూడకుండానే, "నాక్గూడ ఒకటి" అంది. కాగితాలు అయిపోయేదాకా ఆ ప్రింటరు ఆగలేదు.

సంఘం గోడమీద ఈ ఏటి మేకు ఖాళీగానే ఉంది. పరమేశ్వర్ ఆ ఫోటోను అక్కడికి రానివ్వలేదు. రానివ్వకపోతే పాయె, మా ఇళ్లలో గోడలు లేవా? పద్మారాణి తమ ఇంట్లో టీవీకి సరిగ్గా పైన తగిలించింది. ఆయన రోజూ టీవీ చూస్తాడు. నడుమ నిలబడ్డ కనకవ్వ ఆయన్ని చూస్తుంది.