ఖాళీ కడుపుతో నడిచిన బస్సు

డిపో గేటు పక్కన కాటా పెట్టారు. బస్సు తాళం కావాలంటే ముందు దాని మీద నిలబడాలి. సూపర్‌వైజరు ఆ అంకెను అందరికీ వినబడేలా చదివేవాడు. డ్రైవర్లలో బాగా లావుపాటి ఒకతను ఎక్కితే మాత్రం, "బస్సు మోయాల్సింది జనాన్నా, నిన్నా?" అని ఒక మాట అదనంగా వడ్డించేవాడు. వెనక వరసలో నవ్వులు. అతన్ని 'గుమ్మటం' అని పిలిచేవారు. అదీ పడ్డాడు. తనూ నవ్వేసి తాళం అందుకునేవాడు.

బరువు తగ్గకపోతే రూటు తీసేసి షెడ్డులో కూర్చోబెడతామన్నాక ఆ నవ్వు ఆగిపోయింది. స్టీరింగు లేని రోజును అతను ఊహించుకోలేడు. ఫోనులో చూసి కీటో అనే డైటు మొదలుపెట్టాడు. అన్నం, రొట్టె, పళ్లు బంద్. గుడ్లు, వెన్న, మాంసం, ఆకుకూరలు. అది చాలదన్నట్టు ఉపవాసం కలిపాడు. మధ్యాహ్నం దాటితేగాని ముద్ద ముట్టడు, పొద్దుగూకితే మళ్లీ నోరు కట్టేసుకుంటాడు.

"అసలే షుగరు మనిషివి. గోరుచుట్టు మీద రోకటిపోటులా రెండూ ఒకేసారి ఏంటయ్యా? డాక్టర్ని ఒక మాట అడగరాదూ?" అంది భార్య, అతని యూనిఫాం ప్యాంటు నడుము బిగించి కుడుతూ.

"ప్యాంటు వదులైంది కదా. ఇంకేం అడగాలి?"

"మొహం కూడా వదులైంది. అద్దంలో చూసుకో."

మనిషికి కుదురు పోయింది. కూర్చుంటే కాలు ఊపడం, పడుకుంటే లేచి కిటికీ దగ్గరికి పోవడం, పలకరిస్తే కస్సుమనడం. షుగరు మాత్ర మాత్రం మానలేదు. ఏళ్ల తరబడి టైము తప్పకుండా బస్సు తీసినవాడు, మాత్రకెలా తప్పుతాడు? పొద్దున్నే టిఫిను ముందు వేసుకోమన్నారు, వేసుకున్నాడు. టిఫినే మానేశాడన్న సంగతి ఆ మాత్రకేం తెలుసు?

ఆ పొద్దున వంతెన ఎక్కేసరికి చేతులు వణికాయి. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. ముందు పోతున్న లారీ రెండుగా కనబడింది. ఆపితే రూటు పోతుంది. చివరి స్టాపు ఎంతో దూరం లేదు. అద్దంలో చూశాడు. బస్సు నిండా జనం, ఒకావిడ ఒళ్లో నిద్రపోతున్న పసిపాప.

వంతెన దిగుతూనే బస్సును పక్కకు తీసి, ఇంజను ఆపి, తాళం కండక్టరు చేతిలో పెట్టాడు.

"ఏమైందన్నా?"

"ఇది మళ్లీ నాకియ్యకు చెల్లీ. నేనడిగినా ఇయ్యకు."

"మాకు ఆఫీసులు లేవా? ఇక్కడ ఆపుతారేంటి?" వెనకనుంచి ఎవరో గొంతు లేపారు.

"ఉంటాయి లెండి, ఎక్కడికీ పోవు. అన్నకి షుగరు పడిపోయినట్టుంది, ఎవరి దగ్గరైనా తీపి ఉంటే ఇవ్వండి ముందు," అంది కండక్టరు.

పసిపాప తల్లి సంచిలోంచి పళ్లరసం తీసిచ్చింది. గటగటా తాగాడు.

అక్కణ్నుంచి అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. షుగరు మందు వాడేవాళ్లు అన్నం మానినా, పూట మానినా మోతాదు మార్చాల్సి రావచ్చని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. "మీరు రెండూ మానేసి మందు మాత్రం అలాగే మింగారు," అంది.

డిపో మటుకు, దారిలో బస్సు ఆపాడని అతని రూటు తీసేసింది. ఇప్పుడతను పొద్దున్నే యూనిఫాం వేసుకుని గుమ్మందాకా వచ్చి, కాసేపు నిలబడి, వెనక్కి తిరుగుతున్నాడు.

ఆ రోజు ఆ బస్సులో ఉన్నవాళ్లారా, కోప్పడినవాళ్లు కూడా, డిపోకి వెళ్లి జరిగింది చెప్పండి. అతని రూటు అతనికిమ్మని అడగండి. తూచాల్సిందే అయితే డాక్టరు గదిలో, తలుపేసి తూచమనండి. మీ ఇంట్లో ఎవరైనా షుగరు మందు వేసుకుంటూ ఇలాంటి ఉపవాసం పట్టి ఉంటే, రేపటిదాకా ఆగకండి. ఇవాళే డాక్టరుతో మాట్లాడించండి.