సదాశివరావు కారులో జూన్ నెల హీటరు

సదాశివరావుకు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు ఉద్యోగం, దేశ రాజధాని శివారు ద్వారకలో చిన్న ఫ్లాటు, ఒక సెకండ్ హ్యాండ్ కారు ఉన్నాయి. మూడింటిలోనూ ఆయన ప్రాణం కారే. పాత యజమాని తీయని సీట్ల ప్లాస్టిక్ కవర్లను ఈయనా తీయలేదు. పెట్రోలు తాగేస్తుందని ఏసీకి ఆయన ఆజన్మ శత్రువు. ఇంట్లోవాళ్లు తాకకుండా ఏసీ మీట మీద దుర్గమ్మ స్టిక్కరు అంటించాడు.

అలాంటి కారు ఆ వేసవిలో మరగడం మొదలుపెట్టింది. పరుగెడుతున్నంత సేపూ బుద్ధిగా ఉండేది. ట్రాఫిక్‌లో ఆగిందంటే ఇంజను వేడి చూపే ముల్లు ఎగబాకేది. రేడియేటరును చల్లబరచాల్సిన ఫ్యాను మాత్రం అలిగినట్టు కదిలేది కాదు. రెండోసారి నడిరోడ్డు మీద పొగలు కక్కాక భార్య సుభాషిణి తేల్చి చెప్పింది.

"ఇంకొక్కసారి మరిగిందా, తుక్కు కింద కబాడీవాలాకి ఇచ్చేస్తాను. అడ్డం పడితే మీతో కలిపి ఇచ్చేస్తాను."

సదాశివరావుకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే బానెట్ ఎత్తి చూశాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి. ఫ్యూజు బాగానే ఉంది. రెక్కలు వేలితో తోస్తే తిరుగుతున్నాయి. కాబట్టి మోటారు కాలిపోయిందని తీర్మానించి, ఆఫీసు పద్ధతిలో ఆ తీర్మానాన్ని పెండింగులో పెట్టాడు.

ఆదివారం అశోకా రోడ్‌లో ఆంధ్రా భోజనానికి బయలుదేరారు. ధౌలా కువా దగ్గర ట్రాఫిక్ బిగుసుకుపోయింది. ముల్లు లేచింది. ఇంజను వేడిని హీటరు లాగేస్తుందని ఎవరో చెప్పిన మాట గుర్తొచ్చి, సదాశివరావు హీటరు నిండా తిప్పేశాడు. బయట జూన్ ఎండ, లోపల కుంపటి.

వెనక సీట్లో ప్లాస్టిక్‌కి అతుక్కుపోయిన కూతురు హారిక కెవ్వుమంది. "పాపా! యే క్యా హై?"

"వైద్యం, తల్లీ. ఓర్చుకో."

"కారుకా, మనకా?" అంది సుభాషిణి చెమట తుడుచుకుంటూ.

"కారుకే. ఇంకో ఐదు నిమిషాలు..."

"ఐదు నిమిషాల్లో నేను ఆవకాయనైపోతాను!" అని ఆమె రెండు లెంపలూ వేసుకుంది. "అమ్మా దుర్గమ్మా, తప్పు నాది కాదు, ఈయనది" అని స్టిక్కరు మీదే బొటనవేలు పెట్టి నొక్కేసింది. హీటరు నాబ్‌ని చల్లదనం చూపే నీలం గీత వైపు తిప్పేసింది.

బానెట్ కింద గుర్రుమని ఏదో లేచింది. ఫ్యాను! ముల్లు మెల్లగా దిగసాగింది.

"దొరికింది!" అని సదాశివరావు స్టీరింగ్ మీద చరిచాడు. హారను మోగి, ముందున్న ఆటోవాడు వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. "మోటారు దివ్యంగా ఉంది! ఏసీ వేయగానే నేరుగా కరెంటు అంది ఫ్యాను తిరిగిందంటే, వేడి కనిపెట్టి ఫ్యానుకి చెప్పే స్విచ్చి పోయిందన్నమాట!"

"అంటే, ఇన్నాళ్లూ ఏసీ వేసుకుని ఉంటే ఇది మరిగేదే కాదా?"

సదాశివరావు ముందద్దంలోంచి ఆటోను శ్రద్ధగా చూశాడు. "ఒక రకంగా... అవును."

"అచ్ఛా" అంది హారిక వెనకనుంచి, చాలా మెల్లగా.

"రేపే స్విచ్చి మార్పిస్తాను. చిన్న ముక్కే."

"ఏం అక్కర్లేదు. మార్పిస్తే మళ్లీ ఏసీ కట్టేస్తారు" అంది సుభాషిణి.

"మరి కారు..." అన్నాడు ఆయన, సెలవు అడిగే గుమాస్తా గొంతుతో.

"ఏసీ నడిచినంత కాలం ఉంటుంది."

సదాశివరావు నిట్టూర్చి కిటికీ అద్దం పైకెక్కించాడు.